లోపలి నుంచి పిలుపు

మంగళవారం పొద్దున ఇమోజీన్ ట్రైలర్ పక్కన కంకర మీద వెల్లకిలా పడుకుని పైకి చూసిన నోరీన్‌కి గుండె గుభేలుమంది.

చక్రాల మీది ఇల్లు లాంటి ఆ ట్రైలర్ హాల్లో సగం, బయటికి జరిగే గది. స్విచ్చి నొక్కితే బల్లసొరుగు లాగినట్టు గోడలోంచి బయటికొస్తుంది, ఇంకోవైపు నొక్కితే లోపలికి పోతుంది. ఇలాంటి ట్రైలర్లు వరసగా నిలిపి కాపురముండే ఆ పార్కులో అందరూ దాన్ని స్లయిడు అంటారు. నాలుగు మూలలా సన్నటి ఉక్కు తీగలు దాన్ని అటూ ఇటూ లాగుతుంటాయి. వాటిల్లో లోపలికి లాగే తీగ ఒకటి, కిందిమూల నుంచి ఊడి గాలికి ఊగుతోంది.

పార్కులో మరమ్మతులన్నీ చూసే నోరీన్‌కి తెగిన తీగలు కొత్త కాదు. కప్పీ మీద రాచుకుని రాచుకుని పోగులు ఒక్కొక్కటే విడిపోతాయి, చివరికి పాత చీపురులా విచ్చుకుని తెగుతాయి. ఇది అలా లేదు. కొస నున్నగా ఉంది. దాని చుట్టూ వేలెడు మేర నీలం టేపు చుట్టి ఉంది.

"మిస్ ఇమోజీన్, ఇది తెగలేదండీ! ఎవరో కోశారు!"

ఇమోజీన్ పందిరి గుడ్డ కింద మడతకుర్చీలో కూచుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. ఓక్లహోమా మనిషి. అరిజోనా ఎడారి ఎండ ఆవిడ చేతుల్ని కాల్చి తోలుపర్సులా చేసింది గానీ గొంతులోని ఆ ఊరి యాసని మాత్రం ఏమీ చెయ్యలేకపోయింది.

"తుప్పు పట్టి ఉంటుందిలే," అంది తలెత్తకుండా.

"తుప్పా! మీ ఆయన చేతి తీగలకి తుప్పా?"

ఆ మాట నోరీన్ ఊరికే అనలేదు. బతికున్నన్నాళ్ళూ లైల్ ఏటా చలికాలం మొదట్లో ఆ తీగల్ని పొడిగుడ్డతో తుడిచేవాడు. గ్రీజు చుక్క పడనిచ్చేవాడు కాదు. ఎడారిలో గ్రీజుకి ఇసుక అంటుకుంటుంది, ఆ ఇసుకే ఆకురాయిలా తీగని తినేస్తుంది. నట్టు కదిలిందో లేదో తెలియడానికి ప్రతి నట్టు మీదా పెళ్ళాం గోళ్ళరంగు ఒక చుక్క పెట్టేవాడు. ఆ ఎర్రచుక్కలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. నోరీన్‌కి తీగపని సగం నేర్పింది కూడా ఆయనే.

"ఎవడు చేశాడండీ ఈ దుర్మార్గం? ముసలావిడ ఒక్కతీ ఉందని కూడా చూడకుండా!" నోరీన్ లేచి వీపుకంటిన కంకర దులుపుకుంది. "శుక్రవారం మీ వంతని తెలిసే చేశాడు. సరిగ్గా చూసి దెబ్బకొట్టాడు."

కాపర్ బెల్ పార్కులో అదొక తంతు. ఏడాది పొడుగునా అక్కడే కాపురముండేవాళ్ళు కూడా ఆరునెలలు నిండేలోగా ట్రైలర్ తగిలించుకుని గేటు దాటాలి, ఒక రాత్రి బయటెక్కడో గడపాలి, మర్నాడు తిరిగి రావాలి. పైపులు చూసుకోవడానికి, స్థలం శుభ్రం చెయ్యడానికి అంటుంది ఆఫీసు. స్లయిడు బయట ఉండిపోతే ట్రైలర్ అంగుళం కదలదు. కదిలితే ఎదురొచ్చిన లారీ గోడని ఊడ్చుకుపోతుంది.

"శుక్రవారం దాకా దాన్నిలా వదిలెయ్ పిల్లా," అంది ఇమోజీన్. "సోమవారం చూద్దాం."

"సోమవారమా! వంతు తప్పితే క్లేటన్ మిమ్మల్ని బతకనిస్తాడా?"

తలుచుకున్నట్టే క్లేటన్ తన చిన్న బ్యాటరీ బండిలో వచ్చి ఆగాడు. పార్కు మేనేజరు. ఎప్పుడు చూసినా ఇస్త్రీ చొక్కా, మెడలో విజిలు. తనంత మర్యాదస్తుడు జిల్లాలో లేడని అతనికి గట్టి నమ్మకం.

"ఏంటి నోరీన్, రోగం తెలిసిందా?"

"తీగ పోయింది. కొత్తది వెయ్యాలి."

"వెయ్యి మరి. నీకు స్థలం ఊరికే ఇచ్చి పెట్టుకున్నది దేనికి? శుక్రవారం పొద్దున లాగుడుబండి వస్తుంది. అప్పటికి స్లయిడు లోపల ఉండాలి." ఇమోజీన్ వైపు తిరిగి టోపీ ఎత్తాడు. "ఏమీ బెంగపెట్టుకోకండి మేడమ్, మా నోరీన్ చేతిలో మంత్రముంది."

ఇమోజీన్ చిక్కుడుకాయ ఒకటి రెండుగా విరిచి, ఈనె తీయకుండానే గిన్నెలో వేసింది.

నోరీన్ అనుమానం సూటిగా వార్డ్ మీదికి పోయింది. వార్డ్ కెనడా మనిషి, రిటైరైన స్కూలుబస్సు డ్రైవరు. ఇమోజీన్ పక్క స్థలంలో పెద్ద బస్సంత ఇల్లు పెట్టుకున్నాడు. ఈ వరసలో నీడనిచ్చే చెట్టు ఒక్కటే, ఇమోజీన్ స్థలంలో ఉన్న ఐరన్‌వుడ్. ఆ స్థలం తనకిమ్మని అతను ఆఫీసులో రెండుసార్లు అడిగాడని అందరికీ తెలుసు. నోరీన్ కోపం వస్తే ఆగే మనిషి కాదు. నేరుగా బట్టలుతికే గదికి పోయింది. అక్కడ వార్డ్ యంత్రం ముందు కూచుని తన మేజోళ్ళు తిరగడం చూస్తున్నాడు.

"మీ పనిముట్ల పెట్టె ఒకసారి చూపిస్తారా వార్డ్?"

"పెట్టె లేదు. ఒక స్క్రూడ్రైవరుంది. దాంతో ఊరగాయ సీసాల మూతలు తీస్తుంటాను. ఏం, సీసా ఏమైనా బిగుసుకుందా?"

"హాస్యాలు వద్దు. ఇమోజీన్ గారి స్లయిడు తీగ ఎవరో కోశారు. ఆ చెట్టు మీద కన్నున్నవాళ్ళు ఈ పార్కులో ఒక్కరే."

వార్డ్ ముఖంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి.

"నువ్వు నన్నిలా అడుగుతావని కలలో కూడా అనుకోలేదు," అన్నాడు మెల్లగా. "చెట్టు కావాలని అడిగాను. నా భార్యకి ఎండ పడదు, అందుకడిగాను. అడగడం వేరు. విధవరాలి ఇంటి తీగ కొయ్యడం వేరు."

యంత్రం గడగడలాడి ఆగింది. అతను తడిమేజోళ్ళు గంపలోకి తీసుకుని, ఒకటి కింద పడినా చూసుకోకుండా వెళ్ళిపోయాడు. నోరీన్‌కి తల తీసేసినట్టయింది. ఆ మేజోడు తీసి కిటికీ మీద ఆరేసి వచ్చింది.

మర్నాడు ఇమోజీన్ కళ్ళ డాక్టరు కోసం ముసలివాళ్ళ బస్సెక్కి యూమా వెళ్ళింది. సాయంత్రందాకా రాదు. వెళ్ళేముందు కూడా, "ఇవాళ నా ట్రైలర్ జోలికి పోకు," అని చెప్పి మరీ వెళ్ళింది. శ్రమ పెట్టడం ఇష్టంలేక అంటోందనుకుంది నోరీన్. ఆవిడ తిరిగి వచ్చేసరికి అంతా సిద్ధంచేసి ఆశ్చర్యపరచాలని, బస్సు మలుపు తిరగడమే ఆలస్యం, నిచ్చెన భుజానికెత్తుకుంది.

ముందు లోపల స్లయిడు నెత్తిమీది చెక్కపలక విప్పింది. దాని వెనక మోటారు, మోటారు తిప్పే గొలుసులు, గొలుసు కొసన బోల్టుతో తీగలు కలిసే చోటు. పైన మూడు వరసల దుమ్ము. ఎలుకలు పెట్టిన గూడు ఒకటి. అంతా తుడిచి, బోల్టు వదులుచేసి, కోసిన తీగ పాతముక్క బయటికి లాగింది. దాని పక్కనే కొత్తతీగ పరిచి పొడుగు చూసుకుంది. కొయ్యబోయే చోట టేపు చుట్టింది.

అక్కడ చెయ్యి ఆగింది.

టేపు చుట్టకుండా కోస్తే పోగులు విచ్చుకుని తీగ పాడైపోతుంది. తీగపని తెలిసినవాళ్ళకి అది చేతి అలవాటు. పగబట్టి వచ్చినవాడు టేపు ఎందుకు చుడతాడు? పాడుచేయడానికొచ్చి పాడవకుండా చూసుకున్న ఈ మనిషి ఎవరు? ఈ పార్కులో ఆ పని తెలిసింది తనకి, పోయిన లైల్‌కి. ఎండ మండిపోతుంటే నోరీన్ ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పాతముక్క మళ్ళీ చేతిలోకి తీసుకుని తిప్పితిప్పి చూసింది. టేపు అంచు చక్కగా మడిచి అతికించి ఉంది, లైల్ మడిచినట్టే.

పిచ్చి ఆలోచనలని కసురుకుని, కటర్ నొక్కింది.

తీగని కప్పీల మీదుగా నడిపి, కిందిమూల బిగించడం అయిపోయింది. ఇక అసలు పని, సరిచెయ్యడం. తెలియనివాళ్ళు స్లయిడు ఎక్కడ సందు వదిలితే అక్కడి నట్టు బిగిస్తారు. బిగించి బిగించి గోడ పగలగొట్టుకుంటారు. ముందు ఎదుటి తీగ వదలాలి, తరవాత ఇది బిగించాలి. అటు ఒక చుట్టు, ఇటు ఒక చుట్టు. వేలితో మీటితే నాలుగు మూలలా ఒకేలా ఊగాలి. అన్నీ చేసి నోరీన్ చెమట తుడుచుకుంది. ఇంక నడిపి చూడాలి. అక్కడే చిక్కు.

స్విచ్చి ట్రైలర్ బయట, సామాన్ల అరలో ఉంటుంది. నొక్కేవాళ్ళకి లోపల ఏముందో కనపడదు. అందుకని లోపల ఒకరు నిలబడి, కుర్చీ కాలుందా, పిల్లి ఉందా, తమ కాలే ఉందా చూసుకుని, "అడ్డం లేదు!" అని గట్టిగా పిలవాలి. ఆ పిలుపు రానిదే ఎవరూ స్విచ్చి ముట్టుకోరు. ఎక్కడో ఒక పార్కులో ఒకాయన రెండుకాళ్ళూ పోయినప్పటి నుంచి క్లేటన్ ఆ నియమం బట్టలుతికే గదిలో బోర్డు మీద కూడా రాయించాడు.

"నేను నిలబడనా?"

వెనక్కి తిరిగితే వార్డ్. చేతులు జేబుల్లో పెట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"వార్డ్, నిన్న నేను..."

"మేజోడు దొరికింది. థాంక్స్," అని మెట్లెక్కి లోపలికి పోయాడు. లోపలి నుంచి, ముప్ఫైఏళ్ళు స్కూలుపిల్లల్ని అదిలించిన గొంతు, వీధంతా వినబడేలా అరిచింది: "అడ్డం లేదు!"

నోరీన్ స్విచ్చి నొక్కింది. గది కదిలింది. నాలుగు మూలలూ ఒక్కసారే వచ్చి గోడకి ఆనుకున్నాయి. రబ్బరు అంచు కింద కాగితం ముక్క పెట్టి లాగి చూసింది. రాలేదు. పై అంచున పెట్టి లాగింది. అక్కడా రాలేదు. ఇంత చక్కటి పని తన చేత్తో ఎప్పుడూ చెయ్యలేదనిపించి, ఎవరూ చూడకుండా ట్రైలర్ గోడని ఒకసారి నిమిరింది. మళ్ళీ బయటికి జరిపి, యథాస్థానంలో పెట్టి, బస్సు కోసం ఎదురుచూస్తూ కూచుంది.

ఇమోజీన్ బస్సు దిగేసరికి కళ్ళకి పెద్ద నల్లద్దాలున్నాయి. డాక్టరు మందు వేశాడు, రేపటిదాకా అన్నీ మసకే. నోరీన్ ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"ఇక్కడ కూచోండి. కనపడకపోయినా ఫరవాలేదు, వినండి. వార్డ్! పిలవండి!"

"అడ్డం లేదు!"

స్లయిడు మెత్తగా, కిర్రుమనకుండా లోపలికి పోయింది. ఆ చప్పుడు ఇమోజీన్‌కి తెలుసు. మొగుడు బతికున్నప్పటి చప్పుడు అది. నోరీన్ ఆవిడ ముఖంలో సంతోషం వెతుక్కుంది. నల్లద్దాల కింద ఆ ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"ఎవరు చెయ్యమన్నారే నిన్ను?" అంది ఇమోజీన్.

"వద్దని చెప్పానా లేదా? రెండుసార్లు చెప్పానా?"

వార్డ్ మెట్లమీద కొయ్యబారి నిలబడ్డాడు. పరిస్థితి చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు తన ఇంట్లోకి పోయాడు.

"మీరు శుక్రవారం ఇబ్బందిపడకూడదని..."

"ఆ తీగ కోసింది నేనే."

నోరీన్ వెంటనే నమ్మలేదు. తప్పు విన్నాననుకుంది. ఇమోజీన్ తన రెండుచేతులూ ఎత్తి చూపించింది. అరచేతుల మధ్య కమిలిన గీతలున్నాయి.

"లైల్ కటర్‌తో. ఒకచేత్తో అవలేదు, కటర్ ఒకపిడి కడుపుకి ఆనించి నొక్కాను."

"మరి... టేపు?"

"టేపు చుట్టకుండా కోస్తే ఆయన ఊరుకునేవాడా?" అని, ఆ మాటకి తనే ఒక్కక్షణం నవ్వబోయి ఆపేసింది. "మొన్న ఆదివారం క్లేటన్ వచ్చి చెప్పాడు. ఈసారి గేటు దాటాక నాకు తిరిగి చోటు లేదట. పదేళ్ళు దాటిన ట్రైలర్లు పార్కు అందానికి సరిపోవట. మర్యాదగానే చెప్పాడు. టోపీ కూడా తీశాడు."

"వెళ్ళకపోతే?"

"వెళ్ళకపోతే శుక్రవారంతో ఆరునెలలు నిండుతాయి. నిండితే అద్దెకున్న మనిషి కింద లెక్క. అప్పుడు చట్టం వేరు, ఇష్టమొచ్చినప్పుడు పొమ్మనడానికి లేదు. లైల్ చెప్పేవాడు. ఆరునెలలకోసారి మనల్ని బయటికెందుకు తోలతారనుకున్నావు? పైపులు చూసుకోవడానికా?"

నోరీన్ కాళ్ళకింద కంకర కదిలినట్టయింది. పైపులకే అనుకుంది. ఇన్నేళ్ళూ అదే అనుకుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళ ట్రైలర్ దగ్గరికి పోయి, జాకీలు ఎత్తి, స్లయిడు లోపలికి లాగి, నవ్వుతూ గేటుదాకా సాగనంపింది. ఒక్కరోజేగా, రేపు కలుద్దాం అంటూ చెయ్యి ఊపింది. వాళ్ళెవరికీ ఎక్కడా వేరు పాతుకోకుండా, తిన్న తిండికి కృతజ్ఞతగా, తన చేతుల్తోనే పెకలించి పంపింది.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది.

"చెబితే నువ్వు క్లేటన్ ముందు అబద్ధమాడాలి. నీ మొహం అద్దంలాంటిది, నోట్లో నువ్వుగింజ నానదు. నీ చోటు కూడా పోతుంది." ఇమోజీన్ తడుముకుంటూ లేచింది. "నిన్నని ఏం లాభం. మంచిపనే చేశావు. చప్పుడు వింటేనే తెలిసింది."

ఆ మెచ్చుకోలు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. నోరీన్ పనిముట్లు ఏరుకుని ఇంటికి పోయి, బూట్లు విప్పకుండా మంచంమీద కూచుండిపోయింది.

గురువారం ఆఫీసు తలుపు తియ్యగానే లోపలికి జొరబడింది. క్లేటన్ కాఫీ చల్లార్చుకుంటున్నాడు.

"ఇమోజీన్ గారిని తిరిగి రానివ్వరా?"

"ఎవరు చెప్పారు నీకు?" అని, మళ్ళీ తనే, "అది పైవాళ్ళ నిర్ణయం," అన్నాడు.

"ఆవిడెక్కడికి పోతుంది క్లేటన్? పాత ట్రైలర్‌ని ఏ పార్కు రానిస్తుంది? కళ్ళు కూడా సరిగ్గా కనపడవు."

"నాకు బాధ లేదనుకున్నావా? రాత్రి నిద్రపట్టలేదు తెలుసా?" బాధలో ఉన్నవాడిలాగే ముఖం పెట్టాడు. "ఆ స్లయిడు పాడై కూచుంటే ఏం చెయ్యాలో పాలుపోలేదు. నువ్వు లేకపోతే ఈ పని అయ్యేదే కాదు నోరీన్. పైవాళ్ళకి నీ పేరు చెప్పాను."

ఛెళ్ళున చెంపమీద కొట్టినా నోరీన్ అంత తుళ్ళిపడేది కాదు. బయటికొచ్చి, సామాన్ల గదిలోంచి తీగలు కోసే కటర్ తీసుకుని, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా ఇమోజీన్ ట్రైలర్ దగ్గరికి నడిచింది. మోకాళ్ళమీద కూచుని, నిన్న తను బిగించిన తీగకి కటర్ నోరు తగిలించింది.

"ఆగు."

ఇమోజీన్ తలుపులో నిలబడి ఉంది. ఇవాళ నల్లద్దాలు లేవు.

"మొన్న నేను కోస్తే క్లేటన్ తుప్పనుకున్నాడు. ఇవాళ కోస్తే ఎవరని అడుగుతాడు. నువ్వు చెప్పేస్తావు. పోలీసులంటాడు, ఇద్దరికీ చోటుండదు."

"మరేం చెయ్యమంటారు? చేతులు ముడుచుకుని చూడమంటారా?"

"లోపలికొచ్చి ఈ పళ్ళేలు తువ్వాళ్ళలో చుట్టిపెట్టు. నాకు చేతులు నొప్పి."

నోరీన్ కటర్ పక్కన పడేసి లోపలికెళ్ళింది. ఇద్దరూ పళ్ళేలు చుట్టారు, బీరువా తలుపులకి తాళ్ళు కట్టారు. గోడమీది లైల్ ఫొటో తీసి ఇమోజీన్ దిండు గలీబులో పెట్టింది. నోరీన్ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఇమోజీన్ ఏడవలేదు. "అలా ముక్కు చీదితే పళ్ళేనికి తగుల్తుంది," అని మాత్రం అంది.

శుక్రవారం పొద్దున్నే గాలి మొదలైంది. నాచో తన లాగుడుబండిని వెనక్కి నడిపి, ట్రైలర్‌కి కొక్కెం తగిలించాడు. నాచో ఈ చుట్టుపక్కల పార్కులన్నిటికీ తెలిసిన మనిషి, నోట్లో ఎప్పుడూ పుల్ల ఉంటుంది. వరసలోని వాళ్ళంతా కాఫీ కప్పులతో బయటికొచ్చి నిలబడ్డారు. వార్డ్ భార్య చెయ్యి పట్టుకుని చెట్టుకింద నిలబడ్డాడు. జాకీలు ఎత్తారు, నీళ్ళగొట్టం ఊడదీశారు. మిగిలింది స్లయిడు.

క్లేటన్ చేత్తో సైగ చేశాడు. నోరీన్ సామాన్ల అర తలుపు తీసి, స్విచ్చి మీద వేలుంచింది.

"మిస్ ఇమోజీన్! అడ్డం ఉందా?"

జవాబు లేదు.

"మిస్ ఇమోజీన్! నొక్కనా?"

గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నోరీన్ పైప్రాణాలు పైనే పోయాయి. ముసలిప్రాణం, రాత్రంతా మనసులో కుమిలి ఉంటుంది, ఏం జరిగిందో ఏమో. పరిగెత్తుకుంటూ మెట్లెక్కి తలుపు తోసింది.

ఇమోజీన్ లైల్ కుర్చీలో కూచుని ఉంది. ఆ కుర్చీ సరిగ్గా స్లయిడు వచ్చే దారిలో, నేలకి మధ్యలో వేసి ఉంది. తల దువ్వుకుంది, ఆదివారం చర్చికి వేసుకునే గౌను వేసుకుంది. చేతిలో కాఫీ. నోరీన్‌ని చూసింది. నోరు తెరవలేదు. కాఫీ ఒకగుక్క తాగి, కప్పు ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ చూసింది.

నోరీన్‌కి అర్థమైంది. తలుపు మెల్లగా దగ్గరికేసి దిగివచ్చి, సామాన్ల అర ముందు నిలబడింది. రెండుచేతులూ వెనక్కి కట్టుకుంది.

"ఏమైంది? నొక్కు!" అన్నాడు క్లేటన్.

"పిలుపు రాలేదు."

"ఏంటీ?"

"లోపలి నుంచి పిలుపు రాలేదు. పిలుపు రాకుండా నేను నొక్కను."

క్లేటన్ నవ్వాడు. తరవాత నవ్వు మానేశాడు. గబగబా లోపలికి పోయాడు. లోపల అతని గొంతే వినబడింది. ముందు మేడమ్ అన్నాడు, తరవాత ప్లీజ్ అన్నాడు, తరవాత అరిచాడు. ఆవిడ గొంతు ఒక్కసారీ వినబడలేదు. దిగివచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"తప్పుకో. నేనే నొక్కుతా."

నోరీన్ తప్పుకోలేదు. అతను ఆమె భుజం మీదుగా అరలోకి చెయ్యి చాచాడు. వేలు స్విచ్చి మీద ఆనింది. నోరీన్‌కి తన పనితనం మీద మొదటిసారి భయమేసింది. ఆ గది ఆగదు. తను అంత చక్కగా సరిచేసింది. మధ్యలో ఏముందో చూసుకోకుండా, నాలుగు మూలలా ఒకే బలంతో వచ్చేస్తుంది.

"బోర్డు మీరు పెట్టిందేగా క్లేటన్?" అన్నాడు వార్డ్ చెట్టుకింద నుంచి. గట్టిగా కూడా అనలేదు.

లాగుడుబండి ఇంజను ఆగిపోయింది. నాచో దిగి, నోట్లో పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, లోపల సెన్యోరా, ఆ పెద్దావిడ, ఉండగా నేనీ ట్రైలర్ కదపను. మీరు ఆ వేలు తీస్తే నేను కొక్కెం విప్పుకుని పోతాను. పార్కర్ ఊళ్ళో ఇంకో పనుంది."

క్లేటన్ వేలు అలాగే ఉంది. అందరి ముఖాలూ చూశాడు. ఒక్కరూ చూపు తిప్పుకోలేదు. వేలు తీశాడు. పక్కకి పోయి పైవాళ్ళకి ఫోను చేశాడు, చాలాసేపు అవునండి, అర్థమైందండి అంటూ తలూపాడు. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా బండెక్కి, నోరీన్ దగ్గర మాత్రం ఆగాడు.

"సోమవారం నీ ట్రైలర్ గేటు బయట ఉండాలి. పనివాళ్ళకి ఆరునెలలూ లేవు, చట్టమూ లేదు."

నోరీన్‌కి తెలుసు. అయినా చెవులతో వినేసరికి దిమ్మెక్కింది. నాచో కొక్కెం విప్పుతున్న చప్పుడు, వార్డ్ నీళ్ళగొట్టం మళ్ళీ తగిలిస్తున్న చప్పుడు ఎక్కడో దూరాన వినబడ్డాయి. ఆమె సామాన్ల అర పక్కనే కంకర మీద చతికిలబడి, అక్కడే ఉండిపోయింది. వార్డ్ భార్య బ్రెడ్డు తెచ్చిపెట్టింది. క్లేటన్ మళ్ళీ వస్తాడేమోనని స్విచ్చికి వీపు ఆనించి తిన్నది. లోపల కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు.

సాయంత్రం ఆఫీసు తలుపు మూసిన చప్పుడైంది. క్లేటన్ బండి గేటు దాటింది. అప్పటికి గాలి ముదిరి, పడమట కొండలు కనపడకుండా ఎర్రటి దుమ్ము లేచింది. పందిరి గుడ్డలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"అడ్డం లేదు!"

నోరీన్ ఉలిక్కిపడి లేచింది. తల అర తలుపుకి కొట్టుకుంది.

"ఏంటండీ?"

"చెవుడా నీకు? దుమ్ము ఇంట్లోకి కొట్టుకొస్తోంది. కుర్చీ తీశాను. అడ్డం లేదంటున్నా, లోపలికి లాగు!"

నోరీన్ స్విచ్చి నొక్కింది. గది నాలుగు మూలలా ఒక్కసారే కదిలి, కిర్రుమనకుండా లోపలికి పోయి, గోడకి అతుక్కుంది. ఆమె జేబులోంచి కాగితం ముక్క తీసి రబ్బరు అంచు కింద దోపి లాగింది. రాలేదు. దుమ్ములో కళ్ళు చిట్లించి, పై అంచున కూడా చూసుకుంది.

"నిలబడి ఏం చేస్తున్నావక్కడ? నీ పళ్ళెం కూడా విప్పాను, రా!" అంది లోపలి నుంచి ఇమోజీన్.